రెండు జబ్బలు

డెట్రాయిట్. ఫిబ్రవరి. బయట మంచు నల్లబడింది.
స్టూడియోలో వెచ్చగా ఉన్నదల్లా
పొయ్యిలోంచి తీసిన బంకమట్టి ఒక్కటే.
అరవై డిగ్రీలు. మించితే జారిపోతుంది,
తగ్గితే మొండికేస్తుంది.
ముప్ఫై ఒక్క ఏళ్లుగా దీనితోనే నా మాటా మంతీ.

కేటమౌంట్‌ని మళ్లీ పుట్టించమన్నారు పైఅంతస్తు వాళ్లు.
పేరు అడవిపిల్లిది. అరవై తొమ్మిదిలో
అది గొంతెత్తితే మా హామ్‌ట్రామిక్‌లో
బేకరీ అద్దాలు గజగజలాడేవట.
ఇప్పుడు ఇంజను లేదు,
నేలకింద పలకలు పలకలుగా బ్యాటరీ.
గొంతు స్పీకర్లోంచి వస్తుంది.
"మరి ఇంత పొడుగు ముక్కెందుకు?" అన్నాను.
"లేకపోతే గుర్తుపట్టరు" అన్నాడు ఓస్టర్‌హౌస్.
సరే,
ఖాళీ గదికి ఇంత వసారా చెక్కాను.

గాలి సొరంగం వాళ్లొచ్చి పదకొండు మిల్లీమీటర్లు కోసుకుపోయారు.
చట్టం వాళ్లొచ్చి ముక్కు ఎత్తించారు,
ఎదురుపడ్డవాడి మోకాలు బతకాలి కదా, కాదనను.
లెక్కల వాళ్లొచ్చి ఒక మడత చెరిపించారు. మడతకి ఖర్చట.
మిగిలినదాన్ని బొటనవేలితో సముదాయిస్తూ కూర్చున్నాను.

కొలతలకని ఫ్లింట్ నుంచి ఒక పాతదాన్ని తెప్పించారు.
తోలుకొచ్చింది వెర్లీన్ స్టబుల్‌ఫీల్డ్,
డెబ్బై ఆరేళ్లు, స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి.
తాళంచెవి ఎవరి చేతికీ ఇవ్వలేదు.
కారు ఒళ్లంతా ఎర్ర వెలుతురు గీత పాకింది.
తెరమీద రెండు సగాలూ ఒకదానిమీద ఒకటి పెడితే
వెనకచక్రం మీది ఎడమ జబ్బ
కుడిదానికన్నా నాలుగు మిల్లీమీటర్లు ఎత్తు.
ఎక్కడో గుద్దుకుని ఉంటుందన్నాడొకడు.
"నా బండి ఎవర్నీ గుద్దలేదు" అంది వెర్లీన్,
కుర్చీలోంచి లేవకుండానే.

నాకు తెలుసు. నాకు పని నేర్పిన బ్రోనెక్ చెప్పాడు.
అప్పట్లో సగం చెక్కితే
రెండో సగం అద్దంలోలా పుట్టించే యంత్రం లేదు.
కుడివైపు బ్రోనెక్, ఎడమవైపు హార్వీ టిబ్స్.
యూనియన్ ఎన్నికల తగాదా,
ఆ చలికాలమంతా ఇద్దరికీ మాటల్లేవు.
ఉన్న ఒక్క కొలబద్దనీ
కారు మీదుగా అటూ ఇటూ విసురుకునేవాళ్లట.
తన వైపే సరైనదని చివరిదాకా అన్నాడు బ్రోనెక్.
అంటూనే హార్వీ జబ్బ గురించి చెప్పేటప్పుడు
గాల్లో చెయ్యి కాస్త పైకి పోనిచ్చేవాడు.

"ఏ సగం తీసుకుందాం?" అన్నాడు ఓస్టర్‌హౌస్.
కుర్రాడు చెడ్డవాడు కాడు, నిజంగానే అడిగాడు.
కుడిదన్నారు అందరూ. గాలికి కుడిదే నచ్చింది.

వెర్లీన్ వెళ్తూ తలుపులు తెరవకముందే బండి స్టార్టు చేసింది.
రెండుసార్లు దగ్గి, మూడోసారి గర్జించింది.
పొగకి కప్పులోని అలారం లేచి ఏడ్చింది.
కాగితాలు పట్టుకుని పరిగెత్తే జనం మధ్య
ఆవిడ అద్దం సరిచేసుకుని, నెమ్మదిగా, వెనక్కి తీసింది.

ఆ రాత్రి ఎడమవైపు నాలుగు మిల్లీమీటర్ల మట్టి పెట్టాను.
తెల్లారేసరికి మిల్లింగ్ యంత్రం గోకేసింది.
మళ్లీ పెట్టాను. మళ్లీ గోకింది.
మూడోసారి పెట్టలేదు. నాకూ పెన్షనుంది.

ఏప్రిల్లో మట్టికి వెండిరంగు పొర తొడిగి, దీపాలు వేశారు.
బాగుంది. అబద్ధం చెప్పను, చాలా బాగుంది.
పెద్దవాళ్లు చప్పట్లు కొట్టి భోజనాలకి వెళ్లాక
వెనక్కి పోయి, కళ్లు మూసుకుని,
రెండు జబ్బలమీదా రెండు అరచేతులు ఆనించాను.
రెండింటికీ ఒకటే మాట వినిపించింది.
ఒక చెయ్యి
ఊరికే తోడొచ్చినట్టయింది.